ఆగమన కాలానికి ఇంటినీ మనసునీ సిద్ధం చేసుకోవడం ఎలా? (క్రిస్మస్‌ను ముందే అవగొట్టేయకుండా)

"కనిపెట్టడం" అంటే బయట ఎవరినడిగినా కొత్తగా ఏదో కనుక్కోవడం అంటారు, లేకపోతే దాచిపెట్టినదాన్ని పసిగట్టడం అంటారు. మన బైబిల్లో మాత్రం ఆ మాటకు ఎదురుచూడటం అని అర్థం. "కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది" అని 130వ కీర్తనలో ఉంది కదా. రాత్రంతా గోడ మీద నిలబడే కావలివాడు తెల్లవారడాన్ని తొందరపెట్టలేడు, అలాగని కునుకు తీయనూ కూడదు. ఆగమన కాలంలో, అంటే క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలతో సాగే అడ్వెంట్ రోజుల్లో, మన పనీ అదే. మనం చేసేదేమో డిసెంబర్ ఒకటికే పండగ మొదలుపెట్టేసి, పాటలన్నీ పాడేసి, ఇల్లంతా నింపేసి, తీరా ఇరవై ఐదు మధ్యాహ్నానికి "హమ్మయ్య, అయిపోయింది" అని పడుకోవడం. చాలా ఏళ్లు నేనూ అంతే.

అందుకే కింద రాసిన వాటిలో సగం ఏదో ఒకదాన్ని ఖాళీగా ఉంచమనో, కొంచెం ఆగమనో చెప్పేవే. అలంకరణ చిట్కాల కోసం వచ్చినవాళ్లకు కాస్త నిరాశ తప్పదు.

1. ముందు తేదీ సరిగ్గా చూసుకోండి

ఆగమన కాలం ఆదివారంతో మొదలవుతుంది, ఒకటో తారీఖుతో కాదు. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆదివారాన్ని ఒకటిగా పెట్టుకుని వెనక్కి నాలుగు ఆదివారాలు లెక్కపెట్టండి. ఇంకో లెక్కలో చెప్పాలంటే నవంబర్ 30న వచ్చే అపొస్తలుడైన అంద్రెయ పండుగకు దగ్గరగా ఉండే ఆదివారం. అది నవంబర్ 27కూ డిసెంబర్ 3కూ మధ్యే పడుతుంది. 2026లో నవంబర్ 29, 2027లో నవంబర్ 28, 2028లో డిసెంబర్ 3. కాబట్టి ఈ కాలం ఒక్కో ఏడాది 22 రోజులే ఉంటుంది, ఒక్కో ఏడాది 28 దాకా సాగుతుంది. 2028లో అయితే నాలుగో ఆదివారమే డిసెంబర్ 24, పొద్దున నాలుగో కొవ్వొత్తి (వీటి సంగతి కింద 4లో ఉంది) వెలిగించి అదే రాత్రి క్రిస్మస్ ఆరాధనకు వెళ్లాల్సిందే. ఇరవై నాలుగు చిన్న కిటికీలుండే అడ్వెంట్ క్యాలెండర్లు మామూలుగా ఒకటో తారీఖు నుంచి మొదలవుతాయి, వాటిని చూసి పొరపడకండి. (ఇది కథోలిక, ప్రొటెస్టెంట్ లాంటి పడమటి సంఘాల లెక్క. ఆర్థడాక్స్ సంఘాల్లో నలభై రోజుల ఉపవాస కాలం ఉంటుంది, మిలాన్‌లో అంబ్రోజ్ సంప్రదాయం వాళ్లు ఆరు వారాలు పాటిస్తారు.)

"ఇది బైబిల్లో ఎక్కడుంది?" అని మీ ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. పాటించమనే ఆజ్ఞ ఎక్కడా లేదు, ఆ మాటే చెప్పేయండి. ఎదురుచూడమన్న మాట మాత్రం పేజీ పేజీకీ ఉంది, దానికి మనం రోజులో ఒక టైం కేటాయించుకుంటున్నాం, అంతే. మీ సంఘంలో ఆగమన కాలం పాటించకపోయినా ఇంట్లో చేసుకోవడానికి అడ్డేమీ లేదు.

2. ఎవరి కోసం ఎదురుచూస్తున్నామో తేల్చుకోండి

అడ్వెంట్ అనే పేరు "రాక" అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. ఏ రాక? 12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని క్లేర్‌వో మఠాధిపతి బెర్నార్డ్ మూడు రాకల గురించి ప్రసంగించాడు: శరీరధారిగా వచ్చినది ఒకటి, చివర మహిమతో వచ్చేది ఒకటి, ఈ రెంటి మధ్య ఎవరికీ కనబడకుండా మనిషి హృదయంలోకి వచ్చేది మూడోది. ఇది తెలియకపోతే మొదటి ఆదివారం చర్చిలో తికమకపడతారు. పశువుల తొట్టి, గొర్రెల కాపరులు వస్తారని కూర్చుంటే "ఏ దినమున మీ ప్రభువు వచ్చునో మీకు తెలియదు గనుక మెలకువగా నుండుడి" లాంటి వాక్యం చదువుతారు. ఇదేంటి ఇప్పుడు, అనిపిస్తుంది. మొదలు అక్కడే. రెండు, మూడు ఆదివారాలు ఎక్కువగా బాప్తిస్మమిచ్చే యోహానువి, మరియ, యోసేపు నాలుగో వారానికి గానీ ముందుకు రారు. ఇంట్లో చదువుకునేదీ ఈ వరసలోనే పెట్టుకుంటే చర్చి ఒక దారి, ఇల్లు ఒక దారి కాకుండా ఉంటుంది.

3. ఇల్లంతా కడగకండి, ఒక్క మూల చాలు

ఒక ఏడాది నేను ఆగమనానికి "సిద్ధపడదాం" అని రెండు రోజులు కర్టెన్లు ఉతికి, అల్మరాలు సర్ది, బల్ల మీద కొత్త గుడ్డ పరిచాను. ఆదివారం సాయంత్రం మా చిన్నోడు ఆ గుడ్డ మీద నీళ్లు ఒలకబోశాడు. వాడి మీద నేను అరిచిన అరుపు పక్కింటికి వినిపించే ఉంటుంది. ఆ తర్వాత ఐదు నిమిషాలకు వాడు ముక్కు ఎగబీలుస్తూ కూర్చుని ఉండగా మొదటి వారపు "నిరీక్షణ" కొవ్వొత్తి వెలిగించాను. ఆ గుడ్డ మళ్లీ పరచలేదు.

కాబట్టి మొదటి ఆదివారానికి ముందు శనివారం ఒక్క గంట పెట్టుకోండి. ఇంట్లో అందరూ కూర్చోగలిగిన ఒక చోటు, ఒక చిన్న బల్ల, దాని మీదున్న చార్జర్లు, బిల్లులు, మందుల డబ్బాలు వేరే చోటికి. బైబిల్ ఒకటి, అగ్గిపెట్టె ఒకటి అక్కడ పెట్టండి. చుట్టూ గోడల మీద ఇంకా ఏమీ పెట్టొద్దు. నక్షత్రం, చెట్టు, రంగు దీపాలు ఒకేసారి దించకుండా వారానికొకటి బయటికి తీస్తే పిల్లలకు రోజులు గడవడం కంటికి కనబడుతుంది. క్రిస్మస్ పాటలు కూడా వీలైనంత ఆలస్యంగా మొదలుపెట్టండి. నా మాట వినరని తెలుసు, మా ఇంట్లోనే వినరు.

4. నాలుగు కొవ్వొత్తుల వలయం

దీని వెనక కథ పిల్లలకు చెప్పండి, ఇష్టంగా వింటారు. జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిచ్ విచెర్న్ అనే లూథరన్ పాస్టర్ పేద పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్ ఎప్పుడు, ఎన్ని రోజులుంది అని వాళ్లు రోజూ ప్రాణం తీస్తుంటే, 1839లో ఒక పాత బండిచక్రం తీసుకుని దాని మీద ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మిగతా రోజులకు చిన్న ఎర్ర కొవ్వొత్తులు నిలబెట్టి రోజుకొకటి వెలిగించాడట. ఇళ్లలోకి వచ్చేసరికి నాలుగు పెద్దవే మిగిలాయి: మొదటి వారం ఒకటి, రెండో వారం రెండు, అలా వారానికొకటి కలుపుతూ వెలిగిస్తారు. ఇవాళ చాలా సంఘాల్లో మూడు ఊదా రంగువి, ఒకటి గులాబీ రంగుది, కొన్నిచోట్ల నీలం. మొదటి వలయంలో ఇవేవీ లేవు కాబట్టి రంగు దొరకలేదని టెన్షన్ పడకండి, నాలుగూ తెల్లవే తెచ్చి రిబ్బన్లు కట్టినా సరిపోతుంది.

తయారీ పెద్ద పనేం కాదు. ఒక వెడల్పాటి లోహపు పళ్లెం లేదా మట్టి పళ్లెం తీసుకుని రెండంగుళాల మందాన ఇసుక పోయండి. ఇసుకే కొవ్వొత్తులను నిలబెడుతుంది, కారిన మైనాన్నీ పట్టుకుంటుంది, ఏదైనా పడిపోయినా అది అంటుకోదు. నాలుగు కొవ్వొత్తులు గుండ్రంగా, ఒకదానికొకటి జానెడు దూరంలో గుచ్చండి, మధ్యలో ఐదోదానికి చోటు వదలండి. చుట్టూ పచ్చని కొమ్మలు పెట్టొచ్చు. అయితే పచ్చదనం పది రోజుల్లో ఎండుతుంది, ఎండాక నిప్పురవ్వ చాలు. వారానికొకసారి మార్చండి, మంటకు దూరంగా ఉంచండి. వత్తి అర సెంటీమీటరు ఉండేలా కత్తిరిస్తే పొగ తక్కువ వస్తుంది. కర్టెన్ పక్కన, ఫ్యాన్ కింద వెలిగించొద్దు, వెలుగుతుండగా గది వదిలి వెళ్లొద్దు. ఇంట్లో ఎవరికైనా ఆక్సిజన్ పెడుతుంటే అసలు నిప్పే వద్దు, బ్యాటరీ దీపాలు పెట్టుకోండి. దానివల్ల ప్రార్థనకు వచ్చే లోటేమీ లేదు.

ఎంత పొడవు కొవ్వొత్తులు కొనాలి? రోజుకు పావుగంట వెలిగిస్తే, 28 రోజుల ఏడాదిలో మొదటిది ఏడు గంటలు కాలాలి, రెండోది ఐదుంబావు, మూడోది మూడున్నర, నాలుగోది గంటా ముప్పావు. నాలుగూ ఒకే సైజువి తెచ్చుకోండి. నాలుగో వారానికి మొదటిది బొటనవేలంత మిగిలి, నాలుగోది దాదాపు కొత్తదానిలా ఉండి మెట్లవరసలా కనబడతాయి. ఎన్నాళ్లు ఎదురుచూశామో అక్కడే తెలిసిపోతుంది. బాగాలేదని కొందరు మధ్యలో పొట్టిదాన్ని మార్చేస్తారు. మార్చకండి.

పేర్ల సంగతి: నిరీక్షణ, సమాధానం, ఆనందం, ప్రేమ అని కొందరు, ప్రవక్తలు, బేత్లెహేము, కాపరులు, దూతలు అని కొందరు చెబుతారు. ఏదో ఒకటి ఎంచుకుని నాలుగు వారాలూ దానికే కట్టుబడండి. గులాబీ రంగుది మాత్రం మూడో ఆదివారానిదే. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అనే ఫిలిప్పీయులకు 4:4 వాక్యం ఆ రోజుది, నిష్ఠగా గడిపే కాలం మధ్యలో కాస్త ఊపిరి పీల్చుకోమన్నట్టు.

5. సాయంత్రం పావుగంట ఎలా గడపాలి

లైట్లన్నీ ఆపండి. ఇదే ముఖ్యం, చాలామంది వదిలేసేదీ ఇదే. ట్యూబ్‌లైటు కింద కొవ్వొత్తి వెలిగిస్తే అది పుట్టినరోజు కేకు మీది కొవ్వొత్తిలా ఉంటుంది తప్ప "చీకటిలో నడచు జనులు గొప్ప వెలుగును చూచుచున్నారు" అన్న మాట ఒంటికి తెలియదు. చీకట్లో అర నిమిషం ఊరికే కూర్చోండి. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. తర్వాత ఒకరు వెలిగించాలి, మొదటి వారం అందరికంటే చిన్నవాళ్లు (పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుని), రెండో వారం ఇంకొకరు, అలా. వాక్యం ఒకరు చదవాలి. తర్వాత ఒక నిమిషం మౌనం. ప్రార్థన ఒక్క వాక్యం చాలు: "ఆమేన్, ప్రభువైన యేసూ, రమ్ము." బైబిల్లో చివరి ప్రార్థన అదే, మూడేళ్ల పిల్లలకు కూడా నోటికి వచ్చేస్తుంది. పొడుగు ప్రార్థనలు చేసే పెద్దాయన ఇంట్లో ఉంటే ఆయనకు ఆదివారం ఇచ్చేయండి.

ఏం చదవాలంటే, మొదటి వారం యెషయా 2, 9, 11 అధ్యాయాల్లోంచి కొంచెం కొంచెంగా. రెండో వారం యెషయా 40, లూకా 3. మూడో వారం యెషయా 35, 61. నాలుగో వారం లూకా మొదటి అధ్యాయం, మత్తయి 1:18 నుంచి చివరిదాకా. ఇదంతా గుర్తుపెట్టుకోవడం కష్టమనుకుంటే తేలిక దారి ఒకటుంది. లూకా సువార్తలో సరిగ్గా 24 అధ్యాయాలున్నాయి, డిసెంబర్ 1 నుంచి రోజుకొకటి చదివితే 24 రాత్రికి పూర్తవుతుంది. అప్పుడు క్రిస్మస్ ముందు రోజు మీరు పునరుత్థానం చదువుతుంటారు, నాకైతే అది బాగా నచ్చింది.

మధ్యలో రెండు రోజులు తప్పిపోతే వదిలేయండి. బాకీ తీర్చినట్టు మూడు రోజులది ఒకేసారి చదవొద్దు. ఆ రోజు ఎక్కడుంటే అక్కడి నుంచే.

ఒంటరిగా ఉండేవాళ్లు కూడా నోటితో బయటికే చదవండి, ఖాళీ గదిలో మన గొంతు మనకు వినబడటం వేరుగా ఉంటుంది. ఈ ఏడాది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు పండగ సందడి కంటే ఈ నాలుగు వారాలే దగ్గరగా అనిపించొచ్చు. ఇక్కడ సంతోషంగా కనబడాలని ఎవరూ అడగరు, 130వ కీర్తన మొదలయ్యేదే "అగాధస్థలములలో" నుంచి. అది చదివి ఆర్పేసినా చాలు.

6. మనసు సంగతి: మూడు ప్రశ్నలు, ఒక కాగితం

ఇల్లు సర్దడం సులువు, అసలు బరువు ఇక్కడే. మొదటి వారంలో ఒకరోజు ఒంటరిగా కూర్చుని, ఫోన్లో కాకుండా కాగితం మీద మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి. నేను నిజంగా దేనికోసం ఎదురుచూస్తున్నాను? ఎవరికి ఎదురుపడకుండా తప్పించుకు తిరుగుతున్నాను? నా దగ్గర రెండేసి ఉన్నవి ఏంటి?

మొదటిదానికి నిజాయితీగా రాస్తే "ప్రభువు కోసం" అని రాదు. ఉద్యోగం, పిల్లల పెళ్లి, రిపోర్టు, ఎవరిదో ఒక ఫోన్ కాల్ అని వస్తుంది. రానివ్వండి. సాయంత్రం ప్రార్థనలోకి తీసుకెళ్లాల్సింది దాన్నే.

రెండోది కష్టం. అర్పణ తెచ్చినవాడికి సహోదరుడితో గొడవ గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి 5లో ఉంది. మా అక్కతో నాకు రెండేళ్లు మాటల్లేవు, పిలుపు సరిగ్గా పిలవలేదన్న చిన్న విషయం మీద. ఒక ఆగమనంలో ఆ కాగితం మీద ఆమె పేరు రాశాను, మర్నాడు కూడా ఆ పేరే రాశాను, మూడో రోజు ఫోన్ చేశాను. ఎత్తగానే "ఏంటే, ఎవరికైనా ఒంట్లో బాలేదా?" అంది. లేదన్నాను. "మరి?" అంది. ఏం చెప్పాలో తెలియక "ఊరికే" అన్నాను. పది నిమిషాలు మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఇద్దరమూ క్షమాపణ అడగలేదు, అయినా ఆ తర్వాత వారం తనే చేసింది. అందుకని పెద్ద ప్రసంగం తయారుచేసుకోవద్దు, నంబర్ నొక్కండి. అవతలివాళ్లు ఎత్తకపోవచ్చు, ఎత్తి కోప్పడనూ వచ్చు, మీ వంతు మాత్రం అయినట్టే. ఒకటి గుర్తుంచుకోండి, మిమ్మల్ని కొట్టినవాళ్లు, హింసించినవాళ్ల విషయంలో ఈ సలహా వర్తించదు. వాళ్లకు దూరంగా ఉండటంలో తప్పేమీ లేదు. కథోలికులైతే రద్దీ పెరిగే చివరి రెండు రోజులదాకా ఆగకుండా రెండో వారంలోనే పాపసంకీర్తనానికి (ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకోవడానికి) వెళ్లండి, ఫాదర్ గారికి కూడా మీ మాట వినే తీరిక ఉంటుంది.

మూడో ప్రశ్న బాప్తిస్మమిచ్చే యోహానుది. మేమేం చేయాలి అని జనం అడిగితే, రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలన్నాడు. సుంకరులకు లెక్కకు మించి వసూలు చేయొద్దన్నాడు, సైనికులకు మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. ఎవరి పనికి తగిన జవాబు వాళ్లకు. తలుపు దగ్గర ఒక ఖాళీ అట్టపెట్టె పెట్టి ఇంట్లో రెండేసి ఉన్నవాటిలో ఒకటి రోజూ అందులో వేయండి. పాడైంది కాదు, మంచిదే. మూడో వారంలోనే ఇచ్చేయండి, పండగ అయ్యాక ఇస్తే వాళ్లకు పండగకు ఉపయోగపడదు కదా.

ఇంకొకటి, మేం జెకర్యా సాయంత్రం అని పిలుచుకుంటాం. దూత మాట నమ్మనందుకు ఆ యోహాను తండ్రి జెకర్యా కొడుకు పుట్టేదాకా మాట్లాడలేకపోయాడు. వారంలో ఒక్క సాయంత్రం టీవీ, ఫోన్ ఆపేసి, అవసరమైనదే మాట్లాడుకుంటాం. మొదటిసారి గంటకే గొడవైంది, మాట్లాడకుండానే. రెండోసారి నుంచి కుదిరింది.

7. తొట్టి ఖాళీగా ఉండాలి

పశువుల పాక బొమ్మలు పెట్టే అలవాటును 1223లో ఇటలీలోని గ్రేచ్చోలో అస్సీసీ ఊరి సన్యాసి ఫ్రాన్సిస్ చేసినదాంతో ముడిపెట్టి చెబుతారు, అక్కడ ఆయన గడ్డి పరిచిన తొట్టి, నిజమైన ఎద్దు, గాడిద పెట్టించాడు. లూకాలో వెతికితే ఎద్దూ గాడిదా కనబడవు, వాటి ప్రస్తావన యెషయా 1:3లో ఉంది. మీరు మూడో వారంలో పాక పెట్టండి, కానీ శిశువు బొమ్మను డిసెంబర్ 24 రాత్రిదాకా పెట్టెలోనే ఉంచండి. ఇంట్లో ఎవరైనా ఎవరికీ తెలియకుండా ఒక మంచి పని చేస్తే తొట్టిలో ఒక గడ్డిపరక వేయొచ్చు. ఎవరు వేశారని అడగకూడదు. మా పెద్దది ఒకసారి ఒక్కరోజే పిడికెడు గడ్డి వేసింది, అడగకుండా ఉండటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. జ్ఞానులను గది రెండో చివర పెట్టి రోజూ కొంచెం జరుపుతూ వాళ్ల రాకను గుర్తుచేసుకునే జనవరి 6కు పాక దగ్గరికి చేర్చండి.

8. చివరి వారం

డిసెంబర్ 17 నుంచి 23 దాకా పాశ్చాత్య సంఘం సాయంత్ర ప్రార్థనలో రోజుకొక పేరుతో ప్రభువును పిలిచే ప్రాచీన సంప్రదాయం ఉంది: జ్ఞానమా, అదోనాయి (హెబ్రీలో "ప్రభువా"), యెష్షయి (దావీదు తండ్రి) వేరా, దావీదు తాళపుచెవీ, ఉదయపు వెలుగా, జనముల రాజా, ఇమ్మానుయేలా. ఒక్కోటి ఒక్కో చీటీ మీద రాసి ఆ సాయంత్రం "రమ్ము" అని జతచేసి చదవండి. లాటిన్‌లో ఆ ఏడు పేర్ల మొదటి అక్షరాలను (S, A, R, C, O, R, E) చివరి నుంచి వెనక్కి కలిపితే "ఎరో క్రాస్" అని వస్తుంది, "రేపు ఉంటాను" అని. 23వ తేదీన ఏడు చీటీలూ పరిచి పిల్లలకు అది చూపించండి.

24న పనులు మధ్యాహ్నానికి ఆపేయండి, మిగిలినవి మిగలనివ్వండి. చీకటి పడ్డాక నాలుగూ వెలిగించి, లూకా 2 చదివి, శిశువును తొట్టిలో పెట్టి, మధ్యలో వదిలిన చోట తెల్ల కొవ్వొత్తి గుచ్చి వెలిగించండి. ఇక పాటలు ఎన్నయినా. జనవరి 6 దాకా రోజూ ఆ తెల్లది వెలగొచ్చు, పండగ రోజులు అప్పటిదాకా ఉన్నాయి, 26నే నక్షత్రం దించేయకండి.

దించేటప్పుడు ఇసుక జల్లెడ పట్టి దాచుకోండి, మైనం ముక్కలు తీసేయండి, బొమ్మలు పెట్టిన పెట్టె మూత లోపలివైపు వచ్చే ఆగమనం ఏ తేదీన మొదలవుతుందో పెన్సిల్‌తో రాసి పెట్టండి.